లావుతీగలాయన లేని క్యాసెట్టు

పొద్దున ఆరున్నరకు ఫోను మోగింది. కుప్పం నుంచి అన్న కూతురు.

"నాయన పోయినాడు చిన్నాయనా. తెల్లారి నాలుగింటికి. మదనపల్లెకే తెస్తాండాము. బండి పుంగనూరు మీదనే వస్తాది. నువ్వు రోడ్డు కాడికొచ్చి నిలబడుకో, ఎక్కించుకుంటాము."

ఆమె నర్సు. ఇలాంటి వార్త ఎలా చెప్పాలో తెలిసిన మనిషి. ఫోను పెట్టేశాక నేనే కాసేపు చొక్కా ఎక్కడుందో వెతుక్కోలేకపోయాను.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. మదనపల్లె మిషన్ ఆసుపత్రి కాంపౌండులో మా క్వార్టర్సు పక్కనే వాళ్ల క్వార్టర్సు. నాకన్నా మూడేళ్లు పెద్ద. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవాడు. నేను బడిలో డ్రాయింగు మాస్టర్ని. ఈ ఉద్యోగాలు కాక మాకు ఒక బ్యాండు ఉండేది. ఇరవై ఎనిమిదేళ్లు అందులో ఆయన బేస్ గిటారు వాయించాడు, నేను ఆయన పక్కన నిలబడి మామూలు గిటారు వాయించాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ బేస్ గిటారు గురించి. మంచి మనిషి, సౌమ్యుడు, దైవభక్తి గలవాడు అని రాసేవాళ్లు వేరే ఉన్నారు. అవన్నీ నిజమే, కానీ నా బాధ అది కాదు.

పుంగనూరు బస్టాండు దాటాక మదనపల్లె రోడ్డు మొదట్లో నిలబడ్డాను. బండి వచ్చి ఆగింది, వెనక తలుపు తీశారు. పెట్టె ఒక పక్క, వదినా కూతురూ ఇంకో పక్క. నేను పెట్టె చివర, కాళ్ల వైపు కూర్చున్నాను. ఎదురుగా టమాటా లారీలు వస్తుంటే మా బండి పక్కకు దిగి ఊగుతోంది. పెట్టె జరగకుండా మోకాలు అడ్డం పెట్టాను. డ్రైవరు మాటవరసకు అడిగాడు.

"పెద్దాయన ఏం పని చేస్తాండె?"

"ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తాండె," అంది కూతురు.

ఇంకొక మాట నేను కలపొచ్చు. కలపలేదు. మదనపల్లె వచ్చేదాకా మోకాలితో పెట్టెను ఆపుకుంటూ కూర్చున్నాను.

సమాధుల తోటలో కూడా అదే వరస. "మా నాయనకు ఎక్స్‌రే తీసింది ఆయనే," అన్నారు. "రిటైరైనంక కుప్పంలో కూతురి కాడ ఉండె కదా," అన్నారు. సంఘం పిల్లలు కీబోర్డు పెట్టి పాట పాడారు. ఆ కీబోర్డులో ఒక మీట నొక్కితే బేస్ దానంతటదే వచ్చేస్తుంది, ఎవరూ వాయించక్కర్లేదు. గోతి పక్కన నిలబడి నేను ఆ మీట బేస్ వింటున్నాను. నాకు ఒళ్లు మండింది, కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

మా బ్యాండు ఎలా మొదలైందో చెప్పాలి. మేం కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు కాంపౌండులో ఒక విదేశీ డాక్టరు కుటుంబం ఉండేది. వాళ్లు సొంత దేశం వెళ్లిపోతూ రెండు గిటార్లు, ఒక ఆంప్లిఫయరు, ఒక పెట్టెడు ఇంగ్లీషు రాక్ రికార్డులు వదిలేసి పోయారు. రెండు గిటార్లలో ఒకటి ఆరు తీగలది, నేను ముందు చెయ్యి వేశాను. రెండోదానికి నాలుగే తీగలు, బావి చేదకు కట్టే తాడంత లావు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వారం రోజులు మా వరండాలో గోడకు ఆనించి ఉంటే, అన్న వచ్చి, "ఎవురికీ వద్దా ఇది?" అని అడిగి తీసుకుపోయాడు. ఆ తర్వాత మదనపల్లెలో ఆయనకు లావుతీగలాయన అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది ఎవరో తెలియదు. ఆయన దానికి పలికేవాడు కూడా.

డ్రమ్ములకు సదుం దగ్గర పల్లె నుంచి ఒక రెడ్ల పిల్లవాడు వచ్చాడు. ఇంట్లో వేరుశనగ, పాడి పశువులు, మనసంతా డ్రమ్ముల మీద. పాడేవాడు కలికిరి మనిషి, తర్వాత అక్కడే బడిపంతులయ్యాడు. నలుగురం. క్రిస్మస్ కార్యక్రమాల్లో, పెళ్లిళ్లలో, శని ఆదివారాలు హార్స్‌లీ హిల్స్‌లో వచ్చినవాళ్ల ముందు వాయించేవాళ్లం. ఇంగ్లీషు పాటలు నాలుగు, సినిమా పాటలు పది, మధ్యలో ఎవరూ అడగకపోయినా మా సొంత పాటలు రెండు.

మా వాయింపు వదులుగా ఉండేది. ఇది తప్పని నేను చెప్పడం లేదు. డ్రమ్మరు ముందుకు ఉరికేవాడు. వాడికి పొలంలో మోటారు వేసి వచ్చిన తొందర ఎప్పుడూ ఉండేది. నేను వెనకబడేవాణ్ని, ఎందుకంటే నా చేతి సొగసు నేనే వింటూ నిలబడిపోయే రకం. పాడేవాడు వాడికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఎత్తుకునేవాడు. కాగితం మీద చూస్తే ఇది పాట కాదు, సంత. అయినా జనం ఊగేవాళ్లు. కొత్తగా బిగించిన నులక మంచం మీద పడుకుంటే వీపు నొస్తుంది, కొన్నాళ్లు పడుకుని వదులైన మంచం వీపును పట్టుకుంటుంది. మా పాట అలా జనాన్ని పట్టుకునేది. మేం ఒకరి నుంచి ఒకరం ఎంత దూరం పోయినా ఊడిపోయేవాళ్లం కాదు. ఎందుకు ఊడిపోవడం లేదని మాలో ఎవరూ ఆలోచించలేదు.

అన్న డ్రమ్ముల పక్కన, సగం వీపు జనం వైపు పెట్టి నిలబడేవాడు. ఫోటోల్లో ఎప్పుడూ ఆయన మోచెయ్యి ఒక్కటే పడేది. వాయించడం అయ్యాక ఆసుపత్రిలో కట్లు కట్టే గాజు గుడ్డతో నాలుగు తీగలూ తుడిచేవాడు, పుండు తుడిచినంత నెమ్మదిగా. కొత్త పాట నేర్చుకునేటప్పుడు మేం ముగ్గురం అరుచుకుంటుంటే ఆయన గమ్మున కూర్చుని అరటిపండు తినేవాడు. మా గొడవ అయిపోయాక, "తొందర యాలప్పా, పాట యాడికీ పోదు," అని లేచేవాడు.

ఆయన చాలా తక్కువ వాయించేవాడు. ఇది నాకు అప్పట్లో చేతకానితనంలా కనిపించేది. నేను ఒకసారి అడిగాను కూడా, రికార్డుల్లో దొరలు అన్ని విరుపులు విరుస్తుంటే నువ్వు ఒక దెబ్బ కొట్టి ఊరుకుంటావేందన్నా అని. ఆయన తీగలు తుడుస్తూనే చెప్పాడు.

"దినమంతా నా పని ఏంది? ఊపిరి పట్టుకో అంటాను, మీట నొక్కుతాను, ఇడ్సు అంటాను. పట్టుకున్నబ్బుడు కదిల్తే ఫిల్ము పాడైపోతాది. ఇదీ అంతే."

నాకేమీ అర్థం కాలేదు. ఏదో ఎక్స్‌రే గొడవ అనుకుని నవ్వేశాను.

కలికిరిలో ఒక పెళ్లికి ఆయన రాలేదు. విషజ్వరం. ముగ్గురమే వాయించాం. మొదటి పాట సగంలోనే డ్రమ్మరు ఎక్కడో, నేనెక్కడో, పాడేవాడు మైకు పట్టుకుని ఇద్దరి వంకా చూస్తూ నిలబడ్డాడు. పెళ్లికూతురి మేనమామ వచ్చి, "నాదస్వరం ఉండాది లేప్పా, మీరు భోంచేసి పోండి," అన్నాడు. తిరిగి వచ్చే దారంతా మేం ఆంప్లిఫయర్ని తిట్టాం. అది చెడిపోయిందనీ, సరిగ్గా వినపడలేదనీ తీర్మానించాం. మళ్లీ వారం అన్న జ్వరం తగ్గి వచ్చాడు, పుంగనూరులో అదే ఆంప్లిఫయరుతో వాయించాం, అంతా కుదిరిపోయింది. ఆంప్లిఫయరు బాగైంది అనుకున్నాం. నిజంగా అలాగే అనుకున్నాం. ఇది చదివేవాళ్లకు నవ్వొస్తే నవ్వండి, మేం అంత తెలివైన వాళ్లం.

అసలు సంగతి తెలిసినవాడు ఒక్కడు వచ్చాడు. హార్స్‌లీ హిల్స్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, బెంగళూరు నుంచి కుటుంబంతో వచ్చిన ఒక పెద్దమనిషి, చివరి పాట దాకా చెట్టు కింద కుర్చీలో కూర్చుని విన్నాడు. అయ్యాక లేచి మా వైపు నడిచాడు. నేను గిటారు పక్కన పెట్టి చెయ్యి ముందుకు చాచాను. ఆయన నన్ను దాటుకుని, డ్రమ్ముల పక్కకు పోయి, అన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "వీళ్లందరూ మీ మీద నిలబడి వాయిస్తున్నారు," అన్నాడు. అన్న సిగ్గుపడి గాజు గుడ్డ వెతుక్కున్నాడు. నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. డ్రమ్మరు అది చూసి కళ్లు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలకు క్యాసెట్టు పని వచ్చింది. మా సొంత పాటలు ఎనిమిది, బెంగళూరులో ఒక చిన్న స్టూడియో, ఒక్క రోజు. ఆ రోజుల్లో క్యాసెట్టు బతకాలంటే బస్సుల్లోనూ టీ అంగళ్లలోనూ మోగాలి. అందుకని ముందుగా ఒక పని చేశాను. మా వరండాలో వాయించింది టేపు చేసి, పుంగనూరు పోయే ప్రైవేటు బస్సు డ్రైవరుకు ఇచ్చి పెట్టమన్నాను. రెండు నిమిషాలు మోగిందో లేదో, స్పీకర్లు గర్రుమని బస్సు రేకులన్నీ అదరడం మొదలుపెట్టాయి. డ్రైవరు బండి పక్కకు తీసి దిగి, కింద చక్రాల మధ్య తొంగిచూశాడు. ఏమీ లేదు. ఎక్కి టేపు ఆపాడు.

"ఏందప్పా ఇది, గేరుబాక్సు పోయిందేమో అనుకున్నా. నీ పాట పాడుగాను, ఇంకెబ్బుడూ పెట్టను," అన్నాడు.

అదిరింది అన్న బేస్‌కు. స్టూడియోలో నేను రికార్డు చేసే ఆయన గదిలోకి పోయి, చెవిలో చెప్పాను. బేస్ పూర్తిగా తగ్గించేయండి, ఉండీ లేనట్టు కూడా వద్దు, బస్సు స్పీకర్లు తట్టుకోవు అని. అద్దం అవతల అన్న కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. ఆ గదిలో ఒక్కో వాయిద్యానికి ఒక్కో మీట ఉంది. ఆయన మీటను ఆ మనిషి కిందికి జరిపేశాడు, నేను చూస్తూ ఉన్నాను. ఎనిమిది పాటలూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, అన్న ఒక్క దెబ్బ తప్పకుండా వాయించాడు.

బస్సు స్పీకర్లు సగం నిజమే. మిగతా సగం హార్స్‌లీ హిల్స్‌లో గాలిలో ఉండిపోయిన నా చెయ్యి. అది అప్పుడు కూడా నాకు తెలుసు.

క్యాసెట్టు వచ్చిన రోజు సదుంలో డ్రమ్మరు ఇంట్లో విన్నాం. అన్న బల్ల మీద మోచేతులు పెట్టుకుని మొదటి వైపు అంతా విన్నాడు. తనే లేచి తిప్పి పెట్టి రెండో వైపు విన్నాడు. అయిపోయాక, "పాటలు బాగుండాయి," అన్నాడు. తాగిన టీ గ్లాసు దొడ్లోకి తీసుకుపోయి కడిగి బోర్లించి వచ్చాడు. అంతకు మించి ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆయన అంటాడేమో అని నేను ఎదురుచూశాను. తిడితే తీరిపోయేది. ఇంకా పందొమ్మిదేళ్లు నా పక్కన నిలబడి వాయించాడు.

బస్సుల్లో మోగింది మా క్యాసెట్టు, కొన్నాళ్లు. తర్వాత అందరూ మర్చిపోయారు. డ్రమ్మరుకు నడుము పట్టేసి బ్యాండు ఆగిపోయింది. నేను పెళ్లాం ఊరని పుంగనూరు చేరాను, అన్న రిటైరయ్యాక కుప్పం వెళ్లాడు. నాలుగేళ్ల క్రితం పాత టేపులు పోగుచేసే ఎవరో మా క్యాసెట్టును సంపాదించి ఇంటర్నెట్టులో పెట్టారు. జనం కింద ఏవేవో రాశారు. ఈ వదులుతనం ఇప్పుడెక్కడ దొరుకుతుంది అని ఒకరు. బేస్ వాయించేవాడే లేకుండా ఈ బ్యాండు ఎలా నిలబడిందో ఆశ్చర్యం అని ఇంకొకరు. అన్న కూతురు అది చదివి నాకు ఫోను చేసింది.

"చిన్నాయనా, నేను చెవులకు పెట్టుకోని నాలుగు సార్లు విన్నా. నాయన యాడా లేడే?"

టేపు పాతది కదమ్మా, అరిగిపోయి ఉంటుంది అన్నాను. ఆమె నమ్మింది. నేను డ్రాయింగు మాస్టర్ని, అబద్ధానికి కూడా నీడలు దిద్దడం వచ్చు.

ఆ రాత్రి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. స్టూడియోలో ఒక్కో వాయిద్యం విడిగా ఎక్కించిన పెద్ద టేపు చుట్ట ఒకటి ఉండాలి, అందులో అన్న ఉంటాడు. బెంగళూరు పోయాను. స్టూడియో ఉన్న చోట కళ్లద్దాల షాపు ఉంది. అడిగి అడిగి స్టూడియో ఆయన కొడుకును పట్టుకుంటే, ఆ చుట్టలన్నీ వాళ్ల నాన్నే తుడిచి వాటి మీద వేరేవాళ్ల పాటలు ఎక్కించేవాడని చెప్పాడు. అప్పట్లో అందరూ అదే చేసేవాళ్లట. మెట్లు దిగి వచ్చి ఆ షాపు ముందే కూర్చుండిపోయాను. బస్సులో పెట్టిన వరండా టేపు మీద నేనే ఎప్పుడో సినిమా పాటలు ఎక్కించేశాను. ఇంక ఈ లోకంలో ఎక్కడా ఆ పాటల్లో అన్న లేడు.

ఆ సంవత్సరమే అన్నకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇంతమంది ఛాతీ ఫోటోలు తీసిన మనిషి తన ఫిల్ము తనే కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసుకుని, "ఇది మనకు ఎక్కువ దినాలియ్యదు," అన్నాడట. పోయిన నెలలో చెప్పేద్దామని కుప్పం వెళ్లాను. మంచం పక్కన గంట కూర్చున్నాను. పుంగనూరులో ఎండల గురించి చెప్పాను, పాల సొసైటీ గురించి చెప్పాను, డ్రమ్మరు మనవరాలి పెళ్లి గురించి చెప్పాను. అసలు మాట ఒక్కటి చెప్పలేదు. లేచి చెప్పులు వేసుకుంటుంటే అన్నే పిలిచాడు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"ఆ బస్సు స్పీకర్లు మంచివి కావులేప్పా."

ఒక కాలికి చెప్పుతోనే వెనక్కి తిరిగాను.

"ఆ డ్రైవరు మల్లా వారమే నా కాడికి ఎక్స్‌రేకొచ్చినాడు. మీ పాటకు గేరుబాక్సు పోయిందనుకున్నా సార్ అని నవ్వినాడు. అబ్బుడే అనుకున్నా, నువ్వు నన్ను తీసేస్తావని."

"తెలిసి కూడా బెంగళూరొచ్చినావా అన్నా? దినమంతా యాల వాయించినావు?"

"నేను వాయించకుంటే మీరు యాడ వాయిస్తారు?"

ఇది కోపంతో అన్న మాట కాదు, గొప్ప కోసం అన్నదీ కాదు. టేబులు మీద మందులు ఎక్కడున్నాయో చెప్పినంత మామూలుగా అన్నాడు. నేను మళ్లీ కూర్చోవాల్సింది. మిగతా సగం చెప్పాల్సింది, గాలిలో ఉండిపోయిన చెయ్యి సంగతి. రైలు టైమవుతోందన్నా అన్నాను. ఆ రోజు నేను వచ్చింది బస్సులో. ఆయన సరే పో అన్నట్టు చెయ్యి ఊపాడు. అదే ఆఖరు.

అన్న పోయిన పది రోజులకు కుప్పంలో ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. మా వాళ్లలో ఆ రోజు ఒక్కొక్కరు లేచి పోయినవారి గురించి సాక్ష్యం చెబుతారు. ఎప్పుడూ మంచే చెబుతారు, చెడ్డవాడు పోయినా మంచే చెబుతారు. ఆసుపత్రి వాళ్లు చెప్పారు, వీధివాళ్లు చెప్పారు. పాస్టరుగారు నా పేరు పిలిచారు. లేచి మైకు తీసుకుని మొత్తం చెప్పేశాను. బస్సు చెప్పాను, మీట చెప్పాను, టేపు అరిగిందన్న అబద్ధం చెప్పాను, అసూయ చెప్పాను. ఇంటర్నెట్టులో మీరు వినేది బేస్ లేని బ్యాండు కాదు, ఆ మనిషిని చెవులతో వింటూ ముగ్గురు వాయిస్తున్నారు, మీకు ఆయన వినపడకుండా చేసింది నేను అని చెప్పాను. మాటలు గబగబా వచ్చేశాయి. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన, "ఇబ్బుడివన్నీ యాలప్పా," అన్నాడు. నేను కూర్చున్నాక తర్వాతి పాట ఎత్తుకోవడానికి వాళ్లకు కాసేపు పట్టింది. గుండె తేలికపడుతుందని అంటారు. నాకేమీ తేలికపడలేదు.

భోజనాలయ్యాయి. బయట కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. కూతురు వచ్చి నన్నూ, డ్రమ్మర్నీ, పాడేవాణ్నీ లోపల గదిలోకి పిలిచింది. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవడానికి సిద్ధంగానే వెళ్లాను. గదిలో వదిన మంచం మీద కూర్చుని ఉంది. కూడికలో కూడా ఆమె బయటికి రాలేదు. కూతురు ఫోనులో మా మూడో పాట పెట్టింది. ముప్పావు గంట ఏడ్చిన కళ్లు, కానీ మాట మాత్రం వార్డులో మాట్లాడినట్టే ఉంది.

"అయిపోయింది అయిపోనీ చిన్నాయనా. టేపులో నాయన లేడు, సరే. మీరు ముగ్గురూ నాయన్ను వింటా వాయించినామని చెప్పినావు కదా. ఈ పాటలో నాయన ఏం వాయించినాడో నోటితో పాడి చూపించు. నేను దాన్నే ఫోనులో పెట్టుకుంటా."

నేను నోరు తెరిచాను. నా గిటారు ముక్క వచ్చింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే వచ్చింది. డ్రమ్మరు కళ్లు మూసుకుని డుమ్ డుమ్ అన్నాడు, అది వాడి కాలి కింద డ్రమ్ము దెబ్బ. పాడేవాడు గొంతు బాగా దించి ఏదో తీశాడు, అది వాడి చరణమే, లావు గొంతుతో. ఒకరి మీద ఒకరం ఎత్తుకున్నాం, ఆపాం, మళ్లీ ఎత్తుకున్నాం. ఇరవై ఎనిమిదేళ్లు ఆ మనిషి మీద నిలబడి వాయించాం. ఒక్క పాటలో ఆయన ఏ చోట మొదలుపెట్టేవాడో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. బస్సు స్పీకర్లదీ, స్టూడియోదీ తప్పేమీ లేదు. ఆయన్ని మేం ఎప్పుడూ వినలేదు.

కూతురు మా ముగ్గురి నోళ్ల వంకా చూస్తూ నిలబడింది. కాసేపటికి, "పోనీలే," అని ఫోను ఆపేసింది.

అప్పుడు వదిన మంచం దిగింది. గది మూలలో మదనపల్లె నుంచి తెచ్చుకున్న చెక్క బీరువా ఉంది. దాని దగ్గరకు పోయి నిలబడింది.

"నాకు పాట తెలీదమ్మా. కరెంటు పెట్టకుండా వాయిస్తే దానికి సౌండే ఉండదంట కదా. అందుకని గిటారు తల ఈ తలుపుకు ఆనించుకోని వాయిస్తాండె మీ నాయన. నేను లోపల బట్టలు సర్దతాంటే చెక్క అదురుతాండె. ఆ అదురు తెలుసు నాకు."

అరచెయ్యి తలుపు మీద పెట్టి ఒక దెబ్బ కొట్టింది. చాలాసేపు ఆగింది. మర్చిపోయిందేమో అనుకున్నాను. అప్పుడు ఇంకొకటి కొట్టింది, వెంటనే చిన్నది ఒకటి, మళ్లీ ఖాళీ. కూతురు పోయి తలుపుకు చెంప ఆనించి కళ్లు మూసుకుంది. డ్రమ్మరు కాలు నేల మీద కదిలి, ఆగిపోయింది. పాడేవాడు ఊపిరి తీసుకుని, వదిలేశాడు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక ముగ్గురం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. వదిన కొడుతూనే ఉంది.